కాటా ఎటు తిరిగి ఉంది? కిరాణా షాపు పది కాలాలు నిలవాలంటే

22 ఏళ్లుగా కిరాణా షాపు నడుపుతున్నాను. కొత్తగా షాపు పెట్టబోయే కుర్రాళ్లు అప్పుడప్పుడు వచ్చి అడుగుతుంటారు. ఏ సెంటర్లో పెడితే బాగుంటుంది, పెట్టుబడి ఎంత కావాలి, దేని మీద ఎంత మిగులుతుంది అని. అవన్నీ తెలుసుకోవాల్సినవే. కానీ మంచి సెంటర్లో, నిండా సరుకుతో మొదలుపెట్టి రెండేళ్లు తిరక్కుండానే షట్టర్ దించేసిన వాళ్లు మా బజార్లోనే ఉన్నారు. ఇరుకు సందులో మూడో తరం కూర్చున్న షాపులూ ఉన్నాయి.

నాకు తెలిసినంతలో తేడా ఒక్కచోటే. పొరపాటు జరిగి డబ్బు మనవైపు వచ్చినప్పుడు ఏం చేస్తున్నాం? నూనె ప్యాకెట్ రెండుసార్లు లెక్కేశాం. కొన్నావిడ చూసుకోకుండా డబ్బిచ్చేసి వీధి మలుపు తిరిగింది. ఎవరూ చూడలేదు. కుర్రాణ్ని వెనకాల పరిగెత్తిస్తామా, గల్లాపెట్టె మూసేస్తామా? నవ్వులూ నమస్కారాలూ ఎవరైనా నేర్చుకోగలరు. ఇది మాత్రం రోజూ చేసుకోవాల్సిన పని. ఎలా చేయాలో నాకు తెలిసినంత రాస్తున్నాను. బట్టల కొట్టువాళ్లూ, ఫ్యాన్సీ షాపువాళ్లూ కొంచెం మార్చుకుని వాడుకోవచ్చు.

ముందు కాటాని తిప్పండి

అంకెలు కొనేవాళ్లకు కనపడాలి. ఇప్పుడొచ్చే ఎలక్ట్రానిక్ కాటాల్లో చాలావాటికి రెండు వైపులా అంకెలుంటాయి. కానీ షాపుల్లో ఆ రెండో వైపుకు బిస్కెట్ల డబ్బానో, అగరొత్తుల స్టాండో అడ్డం ఉంటుంది. మీరు కావాలని పెట్టి ఉండకపోవచ్చు, చూసేవాళ్లకు మాత్రం కావాలని పెట్టినట్టే ఉంటుంది. తీసేయండి. ఖాళీ కాటా మీద సున్నా చూపించి, కవరు పెట్టి, మళ్లీ సున్నా చేసి, అప్పుడు పప్పు పోయండి.

ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి, ఇనప రాళ్లకు రెండేళ్లకోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. ఆ సర్టిఫికెట్ బీరువాలో పెట్టకుండా కాటా వెనక గోడకు తగిలించండి. ముద్ర ఉన్న కిలో రాయి ఒకటి పక్కనే ఉంచండి. "తూకం తగ్గినట్టుందయ్యా" అని ఎవరన్నా అంటే వాదనకు దిగొద్దు. రాయి చేతికిచ్చి "మీరే పెట్టి చూడండి పిన్నిగారూ" అనండి. మా షాపులో ఆ రాయి ఏడాదికి నాలుగుసార్లు కూడా పైకి లేవదు. కళ్లెదురుగా ఉంటే చాలు.

దీని లెక్క కూడా చూద్దాం. కందిపప్పు కిలో 120 రూపాయలనుకోండి. కిలోకి 10 గ్రాములు నొక్కేస్తే మిగిలేది 1 రూపాయి 20 పైసలు. నెలకు 3 కిలోలు కొనే ఇంటి మీద 3 రూపాయల 60 పైసలు. ఆ ఇల్లు నెలకు 4,000 రూపాయల సరుకు పట్టుకెళ్తోంది. పాపపుణ్యాల సంగతి పక్కన పెట్టండి, మూడున్నర రూపాయల కోసం నాలుగు వేల బేరాన్ని పందెం కాయడం వ్యాపారమేనా? ఇంటికెళ్లి ఎవరు తూస్తారులే అనుకోవద్దు. ఒక్కరు తూచినా చాలు, సాయంత్రానికి వీధి కుళాయి దగ్గర అందరికీ తెలిసిపోతుంది.

మా నాన్న హయాంలో తూకం అయ్యాక కొసరు ఉండేది. గుప్పెడు పుట్నాలో, చిన్న బెల్లం ముక్కో. అంకెల కాటా వచ్చాక కొసరు పోయింది. నేను పూర్తిగా వదల్లేదు. కిలో అడిగితే 1.005 దగ్గర ఆపుతాను, 0.995 దగ్గర ఆపి "సరిపోయిందిలెండి" అనను.

హోల్‌సేల్ నుంచి బస్తా దిగేటప్పుడు కూడా ఇదే పద్ధతి. అక్కడ తూచకుండా దించుకుంటే, తగ్గిన అరకిలో చిల్లర తూకంలో లాగుదామని చెయ్యి దానంతట అదే వెళ్తుంది. ఆ తగాదా లారీ ఉండగానే తేల్చుకోండి.

గట్టిగా అడిగినవాడికో ధర పెట్టొద్దు

ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దాని మీద జీఎస్టీ వేరే అనడానికి గానీ, కూల్‌డ్రింక్ మీద ఫ్రిజ్ చార్జీ 2 రూపాయలు అనడానికి గానీ వీల్లేదు. బస్టాండ్ల దగ్గర అలా తీసుకుంటారు. వాళ్ల దగ్గరికి వచ్చే మనిషి మళ్లీ రాడు. మీ దగ్గరికి రేపు పొద్దున్నే పాల ప్యాకెట్‌కి వస్తాడు.

ఎంఆర్‌పీ మీద తగ్గిస్తే అందరికీ తగ్గించండి. బేరమాడిన ఆయనకు 5 రూపాయలు తగ్గించి, మొహమాటంతో అడగలేకపోయిన ఆయన దగ్గర పూర్తిగా తీసుకుంటే, మన నోరులేని ఖాతాదారుకు మనమే జరిమానా వేసినట్టు.

2025 సెప్టెంబరు 22న ఒంటి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, తలనూనె మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. ఆ వారం మా బజార్లో ఒకటే రభస. పాత ధర అచ్చేసిన స్టాకు అందరి దగ్గరా ఉంది. టీవీలో వార్త చూసి వచ్చిన మనిషికి "ఇది పాత స్టాకండీ" అంటే ఏం నమ్ముతాడు? నేను అట్ట ముక్క మీద పాత ధర, కొత్త ధర పక్కపక్కన రాసి వేలాడదీసి, కొత్త ధరకే అమ్మాను. తేడా డబ్బు డిస్ట్రిబ్యూటర్ల నుంచి రాబట్టుకునేసరికి నెల దాటింది, కొంత అసలు రాలేదు. ఆ అట్ట ఫొటో తీసుకెళ్లి పక్క షాపుల్లో చూపించి అడిగినవాళ్లున్నారని తర్వాత తెలిసింది. వాళ్లలో కొందరు ఇప్పుడు నెలసరి సరుకులు మా దగ్గరే కడుతున్నారు.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష పిల్లలు. పదేళ్ల పిల్లాడు చీటీ, 500 నోటు పట్టుకుని వస్తాడు. వాడికి ధర తెలియదు, లెక్క చూసుకోడు. వాణ్ని పంపినావిడకు అన్నీ తెలుసు. చీటీ వెనక సరుకు సరుకుకీ ధర వేసి, కింద మొత్తం రాసి, మిగిలిన డబ్బు అదే కాగితంలో చుట్టి జేబులో పెట్టి పంపండి. దార్లో వాడు ఐస్ కొనుక్కుంటే అది వాడికీ వాళ్లమ్మకూ మధ్య గొడవ. మన లెక్క కాగితం మీద ఉంది.

చిల్లర లేదని చేతిలో చాక్లెట్ పెట్టకండి. అది వాళ్లడగని సరుకు అమ్మడమే. 10 రూపాయల బిళ్ల చెల్లదన్న పుకారు మన రెండు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి తిరిగింది. ఉన్న 14 రకాలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పినా, వద్దనే షాపులు తగ్గలేదు. మీరు తీసుకోండి. "ఇక్కడ పది రూపాయల బిళ్లలు తీసుకుంటాం" అని రాసి పెట్టండి. మీ చిల్లర కరువు కూడా తీరుతుంది.

ఫోన్‌పే, గూగుల్‌పేలతో కొత్త తగాదా ఒకటి వచ్చింది. "నాకు డబ్బులు కట్టయ్యాయి" అని వాళ్లు, "మాకు రాలేదు" అని మనం. సౌండ్ బాక్స్ నోరు మెదపదు. వెనక నలుగురు నిలబడి ఉంటారు. తెలిసిన మనిషై, చిన్న మొత్తమైతే సరుకిచ్చి పంపేయండి, పుస్తకంలో టైముతో సహా రాసుకోండి. ఆ డబ్బు కాసేపటికి మనకు రావొచ్చు, వాళ్లకే తిరిగి పడొచ్చు. రెండోసారి కొట్టించుకుని, తర్వాత రెండూ జమైతే, మీరే ఫోన్ చేసి వెనక్కి పంపండి. వాళ్లు గమనించేలోపే పంపండి.

సరుకు గురించి మీకు తెలిసిందే చెప్పండి

మన దగ్గర కిరాణా షాపు పరువంతా బియ్యం బస్తాలో ఉంటుంది. పప్పు బాగోలేకపోతే సణుక్కుని ఊరుకుంటారు, అన్నం ముద్దయితే షాపు మారుస్తారు. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204నే, అంటే సాంబ మసూరినే, రకరకాల పేర్ల సంచుల్లో అమ్ముతారు. సంచి మీద బొమ్మ చూసి అన్నం ఎలా ఉంటుందో చెప్పలేం. అందుకని లాటు మారినప్పుడల్లా ఒక గ్లాసు మీ ఇంట్లో వండించండి. తిన్నాక చెప్పండి. "ఇవి కొత్త బియ్యం బాబాయ్, ఎసరు కాస్త తగ్గించాలి. పాతవి కావాలంటే కిలోకి 5 రూపాయలు ఎక్కువవుతుంది" అని. వండి చూడని రకమైతే "ఇంకా తినలేదండీ, చెప్పలేను" అనండి. ఈ ఒక్క మాటతో మీరు ఆ తర్వాత చెప్పే పది మాటలకు విలువ వస్తుంది.

స్కీము సరుకుతో జాగ్రత్త. సేల్స్‌మన్ వచ్చి పది డబ్బాలకు రెండు ఫ్రీ అంటాడు. మార్జిన్ చూస్తే కళ్లు చెదురుతాయి. తీసుకోండి, ర్యాకులో పెట్టండి. అడిగితే చూపించండి. కళ్లు సరిగ్గా కనపడని ముసలాయన ఎప్పుడూ వాడే టీపొడి అడిగితే దాని బదులు ఇది సంచిలో పడేయకండి. ఆయనకు తెలియకపోవచ్చు, కానీ టీ పెట్టే కోడలికి తెలుస్తుంది.

గడువు తేదీలు చూడటానికి నెలలో 20వ తారీఖు పెట్టుకోండి. మొదటి పది రోజులూ నెలసరి సరుకుల రద్దీలో కుదరదు. పాతది ముందుకు, కొత్తది వెనక్కి. నెలలోపు గడువున్నవి ఒక బుట్టలో వేసి, తేదీ పెద్దగా రాసి, ధర బాగా తగ్గించి, నోటితో కూడా చెప్పి అమ్మండి. గడువు దాటినవాటిలో కంపెనీ వెనక్కి తీసుకునేవి విడిగా కట్టండి, మిగతా ప్యాకెట్లు అక్కడే చించేయండి. మూలన పడేస్తే, రద్దీలో మీ కుర్రాడే ఎవరికో ఇచ్చేస్తాడు. నాకు జరిగింది. బేబీ ఫుడ్ కాబట్టి ఆ రాత్రి నిద్ర పట్టలేదు, డబ్బా కొన్నవాళ్లింటికి పొద్దున్నే నేనే వెళ్లాను. ఇంకా మూత తీయలేదు. అప్పటి నుంచి కత్తెర ఆ ర్యాకుకే వేలాడుతోంది.

ఖాతా పుస్తకం

"ఈ రోజు నగదు, రేపు అరువు" అన్న బోర్డు చూడని తెలుగువాడు ఉండడు. ఆ బోర్డు కిందే కూర్చుని అరువు రాసుకోని షాపువాడూ ఉండడు.

అరువు వద్దని గట్టిగా నిలబడి బాగుపడ్డవాళ్లు లేకపోలేదు. అమెరికాలో జేమ్స్ క్యాష్ పెన్నీ అని ఒకాయన (పేరులోనే క్యాష్ ఉంది చూడండి) 1902లో వ్యోమింగ్ రాష్ట్రంలో కెమెరర్ అనే గనుల ఊళ్లో భాగస్వాములతో కలిసి కొట్టు తెరిచాడు. పేరు గోల్డెన్ రూల్. మనకు ఇతరులు ఏం చేయాలనుకుంటామో అదే మనం వాళ్లకు చేయడమని దాని అర్థం. గని కంపెనీ కొట్లు కార్మికులకు అరువిచ్చి కట్టిపడేసుకున్న ఊరది. ఈయన నగదుకే అమ్మి, అందరికీ ఒకే ధర పెట్టి, చివరికి దేశమంతా షాపులు తెరిచాడు.

మన వీధిలో ఆ పద్ధతి అచ్చంగా నడవదు. పత్తి అమ్ముడైతే గానీ, మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు చేరితే గానీ డబ్బు కళ్లజూడని ఇళ్లున్నాయి. వీళ్లకు అరువు లేదంటే సగం వీధి రాదు. అడిగినవాళ్లందరికీ ఇస్తే మనమే ఉండం. నూటికి 10 రూపాయలు మిగిలే సరుకు మీద 1,000 రూపాయల బాకీ మునిగితే, దాన్ని పూడ్చడానికి 10,000 రూపాయల సరుకు అమ్మాలి. ఈ లెక్క గల్లాపెట్టె మూతకు లోపలి వైపు అంటించుకోండి.

నేను పాటించేవి ఇవి. ఖాతా మొదలుపెట్టే రోజే ఎంతవరకో చెప్పేస్తాను, తర్వాత చెబితే అవమానంగా ఉంటుంది. రెండు పుస్తకాలు, ఒకటి నా దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర. రాసేటప్పుడు పైకి చదువుతూ రాస్తాను. "పంచదార రెండు కిలోలు, ఉప్పు ఒకటి, మొత్తం ఇంత" అని. వాళ్ల పుస్తకం ఇంట్లో మర్చిపోయి వస్తే నా దాంట్లో రాసి, ఆ పేజీ ఫొటో వాళ్ల వాట్సాప్‌కి పంపుతాను. డబ్బు కట్టగానే వాళ్ల ఎదుటే కొట్టేస్తాను. ఎంత బాకీ అన్నదానికన్నా, ఎప్పుడు వాళ్ల చేతికి డబ్బు వస్తుందన్నది ముఖ్యం. ఉద్యోగికి ఒకటో తారీఖు, తాపీ మేస్త్రీకి శనివారం సాయంత్రం, రైతుకు పంట. శనివారం జీతం వచ్చేవాణ్ని బుధవారం అడిగితే కోపం తప్ప ఏమీ రాదు.

అడగడమూ పద్ధతిగా ఉండాలి. నలుగురిలో అడగొద్దు. వాళ్ల పిల్లల్ని అస్సలు అడగొద్దు. "మీ నాన్నని డబ్బులిమ్మని చెప్పు" అన్న మాట ఆ పిల్లాడు పెద్దయ్యాక కూడా మర్చిపోడు. ఒకరి బాకీ ఇంకొకరి చెవిన పడకూడదు. ఇంట్లో ఆస్పత్రి ఖర్చో, చావో వచ్చిన నెల ఆ పేజీ తెరవొద్దు.

ఈ వృత్తిలో నేను ఆలస్యంగా నేర్చుకున్న సంగతొకటి ఉంది. బాకీ పడ్డ మనిషి మొహం చెల్లక మన షాపు ముందు నుంచి నడవడం మానేస్తాడు. నగదు ఉన్న రోజున కూడా పక్క షాపుకే వెళ్తాడు. అలా బాకీ పోతుంది, బేరమూ పోతుంది. అందుకని సందు చివర కనపడితే నేనే పిలుస్తాను. "అన్నా, పాతది పాతదే, అది మెల్లగా చూసుకుందాం. ఇవాళ్టి సరుకు డబ్బిచ్చి తీసుకెళ్లు" అంటాను. వారానికి 100 చొప్పున పాతది తీర్చినవాళ్లున్నారు. ఎగ్గొట్టినవాళ్లూ ఉన్నారు. అబద్ధం ఎందుకు, ఇద్దరు పెద్ద మొత్తమే ముంచారు.

వాపసు తెచ్చినప్పుడు

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు ఉంటే తీసేయండి. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవాలి. బిల్లు ఇవ్వకపోవడం కూడా తప్పే. ఎవరైనా 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. చట్టం భయం అటుంచితే, వాపసు తెచ్చినావిడ మీకు ఇంకో అవకాశం ఇస్తోంది. తేకుండా పారేసినావిడ మళ్లీ రాదు.

బోణీ కాకముందే వాపసు వస్తే చాలామందికి చిరాకు. నాకూ పట్టింపు ఉంది, దాచను. నా ఉపాయం ఏంటంటే, ముందు మంచి ప్యాకెట్ తీసి చేతిలో పెట్టి, ఒక అగ్గిపెట్టె కొనమంటాను. బోణీ అయిపోతుంది, ఇద్దరం నవ్వుకుంటాం.

వరస మాత్రం తప్పొద్దు. ముందు మార్చి ఇవ్వండి, తర్వాత ప్యాకెట్ విప్పి చూడండి, ఆ తర్వాత అడగండి. "మా దగ్గరే కొన్నారా?" అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. మార్చి ఇచ్చాక అసలు పని మొదలవుతుంది. రెండు వానాకాలాల కిందట ఒకావిడ బొంబాయి రవ్వలో పురుగు ఉందని తెచ్చింది. బస్తా అడుగుదాకా తీసి చూస్తే నిజమే. ఆ బస్తాలోంచి ఎవరెవరికి వెళ్లిందో ఖాతా పుస్తకం, వాట్సాప్ చీటీలు చూసి 11 ఇళ్లకు ఫోన్ చేశాను. నలుగురు అప్పటికే ఉప్మా చేసుకుని తినేశామన్నారు. ఒకాయన తిట్టాడు. ఫోన్ చేయకపోతే వాళ్లలో సగం మందికి తెలిసేది కాదన్నది కూడా నిజమే. ఆ తిట్టినాయన ఇంటి పెళ్లి సరుకులు కిందటేడు మేమే వేశాం.

మీ దగ్గర పనిచేసేవాళ్లు, మీకు సరుకిచ్చేవాళ్లు

కౌంటర్ దగ్గర మీ కుర్రాడు ఎలా మాట్లాడతాడో అది మీరు వాడితో ఎలా మాట్లాడతారన్నదాన్ని బట్టే ఉంటుంది. కొనేవాళ్ల ముందు తిట్టొద్దు. జీతం తారీఖు దాటనివ్వొద్దు. 50 రూపాయల లోపు ఏ గొడవైనా మిమ్మల్ని అడక్కుండా కొనేవాళ్ల పక్షాన తేల్చేయమని వాడికి చెప్పండి. కూర్చోడానికి ఒక స్టూలు వేయండి. కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టమే తెచ్చాయి, మనం చట్టం దాకా ఆగక్కర్లేదు.

డిస్ట్రిబ్యూటర్‌కి చెప్పిన రోజున డబ్బు కట్టండి. డీమార్ట్ సూపర్‌మార్కెట్లు పెట్టిన దమానీ గారు సరుకిచ్చేవాళ్లకు తొందరగా డబ్బు కట్టి, దానికి బదులు ధర తగ్గించుకుంటారని వ్యాపారంలో అందరికీ తెలుసు. ఆయనంత తొందరగా మనం కట్టలేకపోయినా, చెప్పిన రోజున కడితే, పండగ ముందు నూనె దొరకని రోజున ఆటో ముందు ఎవరి షాపు దగ్గర ఆగుతుందో మీరే చూస్తారు.

పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లతో పరిగెత్తి గెలవలేం. కానీ మూడో వీధి మామ్మగారికి గ్యాస్ట్రిక్ అని, మిరప్పొడి కారం తక్కువది పంపాలని యాప్‌కి తెలియదు. ఆ సంగతి మనకు తెలుసు కాబట్టి పుస్తకంలో రాసుకోండి. ఆవిడ ఫోన్ నంబరు మాత్రం ఇంకెవరికీ ఇవ్వొద్దు.

రాత్రి గల్లా లెక్కపెట్టేటప్పుడు

తక్కువ వస్తే అందరం వెతుకుతాం. ఎక్కువ వచ్చినప్పుడు కూడా అంతే వెతకండి. బిల్లులు తిరగేయండి, కుర్రాణ్ని అడగండి. తేలకపోతే ఒక కవర్లో పెట్టి తారీఖు, గుర్తున్నంత వివరం రాసి పక్కన పెట్టండి. ఎవరైనా "నిన్న నాకు చిల్లర తక్కువొచ్చింది" అని వస్తే వాళ్లతో వాదించే ముందు కవర్ చూడండి. ఇప్పుడు మా గల్లాలో అలాంటివి రెండున్నాయి. ఒకదాని మీద "40, మంగళవారం సాయంత్రం, పచ్చచీర ఆవిడా?" అని రాసి ఉంది.